చెప్పకుండా పెట్టే ఎముక

పై దవడ ఎముక బాగా కరిగిపోయిన మనిషికి ఇంప్లాంట్ పళ్ళు పెట్టాలంటే చాలాసార్లు ముందు ఆ దవడలో ఎముక పెంచాలి. అందుకు వాడే ఎముక తరచుగా ఆవుజాతి పశువుది. దాని మీద కప్పే పలచని పొర తరచుగా పందిది. బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డ నుంచి బస్సెక్కి వెళ్ళిన విజయవాడలోనో దంతవైద్యుడి కుర్చీలో కూర్చునే మనిషి హిందువు కావచ్చు, ముస్లిం కావచ్చు, జైనుడు కావచ్చు, క్రైస్తవుడు కావచ్చు, దేవుడే లేడనేవాడు కావచ్చు. ఆ మనిషికి సంగతి చెప్పకుండా ఆ ఎముకను నోట్లో పెట్టే హక్కు ఎవరికైనా ఉందా? లేదని నా వాదన. అలాంటి ఎముక పెట్టించుకోకూడదని నేను అనడం లేదు. పెట్టించుకుంటే తప్పు లేదనే నా అభిప్రాయం. కానీ నా అభిప్రాయం నా నోటికి వర్తిస్తుంది, ఇంకొకరి నోటికి కాదు. డాక్టరుగారి అభిప్రాయమూ అంతే.

ముందు దవడ సంగతి చూద్దాం. కింది దవడతో పోలిస్తే పై దవడ ఎముక మెత్తన, లోపల బోలు. పయోరియా ముదిరినా, షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పినా, చుట్టో పొగాకో వదలకపోయినా పళ్ళు కదిలి ఒక్కొక్కటే ఊడిపోతాయి. పన్ను పోయిన చోట ఎముకకు పని ఉండదు, పని లేని ఎముకను శరీరం తనలోకి తీసేసుకుంటుంది. మొదటి ఏడాదిలోనే చాలా భాగం తరిగిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పళ్ళసెట్టు ఒత్తిడి పడితే ఇంకా అరుగుతుంది. దీనికి తోడు దవడ పళ్ళకు పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. కింద పళ్ళు లేకపోతే అది కూడా కిందికి జారుతుంది. రెండూ కలిసి కొందరిలో వెనక భాగంలో 3, 4 మిల్లీమీటర్ల ఎముక మాత్రమే మిగులుస్తాయి. మామూలు ఇంప్లాంట్ పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు. అంత మేకు దిగడానికి చోటు లేదు కాబట్టి సైనస్ లిఫ్ట్ చేస్తారు. చెంప వైపు ఎముకకు చిన్న కిటికీ కోసి, లోపలి సైనస్ పొర చిరగకుండా నెమ్మదిగా పైకి లేపి, కింద ఏర్పడిన ఖాళీలో ఎముక పొడి నింపుతారు. అమెరికాలో హిల్ట్ టాటమ్ 1970లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. బోయిన్, జేమ్స్ 1980లో దీని మీద వ్యాసం ప్రచురించారు. ఆరు నుంచి తొమ్మిది నెలల్లో ఆ పొడి చుట్టూ, పొడి మధ్యలో రోగి సొంత ఎముక అల్లుకుంటుంది.

ఆ పొడి చిన్న గాజు సీసాలో వస్తుంది. అర గ్రాము ఉంటుంది, లేదా గ్రాము. పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉండే తెల్లటి పలుకులు, చూడ్డానికి బొంబాయి రవ్వలాగే ఉంటాయి. రోగి రక్తంతోనో సెలైన్‌తోనో తడిపితే ముద్ద కడతాయి. సీసాతో పాటు వచ్చే స్టిక్కరును పీకి రోగి ఫైలులో అంటిస్తారు. దాని మీద లాట్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఏ జంతువు నుంచి తీసిందో డబ్బాలోని కాగితంలో ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే విషయం రహస్యం కాదు. తయారుచేసినవాళ్ళు రాశారు, అమ్మినవాళ్ళకు తెలుసు, పెట్టే డాక్టరుకు తెలుసు. తెలియనిది ఎవరి దవడలో పెడుతున్నారో ఆ మనిషి ఒక్కరికే.

ఇక్కడ కొందరు పెద్దలు మొదటే అడ్డం వస్తారు. పళ్ళూడిన వయసులో మళ్ళీ పళ్ళెందుకు, వైరాగ్యం అలవరచుకోవలసిన వేళ ఈ తాపత్రయం ఏమిటి అంటారు. శంకరుల పేర చెప్పుకునే భజగోవిందంలో బోసినోటి ముసలివాడి ప్రస్తావన ఉన్నమాట నిజమే. కానీ అక్కడ తప్పుపట్టింది ఆశను, నమలడాన్ని కాదు. పై దవడ కరిగిపోయినవాళ్ళలో నలభై, యాభై ఏళ్ళవాళ్ళూ ఉంటారు, రోడ్డు ప్రమాదంలో దవడ దెబ్బతిన్న కుర్రవాళ్ళూ ఉంటారు, క్యాన్సరు ఆపరేషనులో దవడ భాగం పోగొట్టుకున్నవాళ్ళూ ఉంటారు. పళ్ళు లేనివాడికి అన్నం ఒక్కటే సమస్య కాదు, త థ ద ధ న పలకవు. సంధ్యావందనం చేసేవాడికైనా, నమాజులో ఖురాన్ వచనాలు చదివేవాడికైనా, చర్చిలో వాక్యం చదివేవాడికైనా ఉచ్చారణ పోవడం చిన్న సంగతి కాదు. కాబట్టి పళ్ళు కావాలనుకోవడం తప్పా కాదా అన్న చర్చను ఇక్కడితో వదిలేస్తాను. అది తప్పు కాదు.

ఎముక పొడి నాలుగు రకాలు. రోగి సొంత ఎముక మొదటిది, దాన్ని గడ్డం నుంచో తుంటి నుంచో తీస్తారు. రెండోది చనిపోయిన మనుషులు దానం చేసిన ఎముక, టిష్యూ బ్యాంకుల నుంచి వస్తుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో అలాంటి బ్యాంకు 1988 నుంచి ఉంది. మూడోది జంతువుల ఎముక, ముఖ్యంగా ఆవుజాతిది. నాలుగోది రసాయనశాలలో తయారయ్యే కాల్షియం ఫాస్ఫేటు. పైన కప్పే పొర కొల్లాజెన్‌తో చేసినదైతే పంది నుంచో పశువు నుంచో తీస్తారు. ఒకే ఆపరేషనులో ఆవు, పంది రెండూ కలిసే సందర్భం అరుదు కాదు. ఇప్పుడు ఈ కృష్ణా డెల్టా మనుషుల్ని తలచుకోండి. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు ఆలయం, హంసలదీవి వేణుగోపాలుడు, మోపిదేవి సుబ్రహ్మణ్యుడు ఉన్న దివిసీమ, దాని పరిసరాల్లో గోవును తల్లిగా చూసేవాళ్ళు వేలమంది. గోల్కొండ సుల్తానుల కాలం నుంచి రేవుగా పేరుపొందిన బందరులో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. గుడివాడలో పార్శ్వనాథుని ఆలయానికి జైనులు దూర ప్రాంతాల నుంచి వస్తారు. ఇక్కడే గొడ్డు మాంసం ఏ తప్పూ లేని ఆహారమని తినే కుటుంబాలూ ఉన్నాయి, వాళ్ళ పక్షాన నిలబడి వాదించవలసిన సందర్భాలూ ఉన్నాయి. వీళ్ళందరికీ ఒకే సీసా తెరిచి, ఒకే మౌనంతో పొడి నింపడం వైద్యం సమానంగా చేయడం అనిపించుకోదు.

మతాలు ఏమంటాయన్నది చూస్తే ఒక విషయం తేలుతుంది. ఏ మతమూ ఈ ఎముకను గుడ్డిగా నిషేధించదు, ఏదీ గుడ్డిగా అనుమతించదు. హనఫీ న్యాయశాస్త్రంలో పంది తప్ప మిగతా చచ్చిన జంతువుల ఎముక, కొమ్ము, వెంట్రుక శుద్ధమైనవే, ఎందుకంటే వాటిలో ప్రాణం ఉండదని వారి వాదన. ఆ లెక్కన బందరు ముస్లిముకు పశువు ఎముకతో పేచీ తక్కువ, పంది పొరతోనే ఎక్కువ. పంది నుంచి వచ్చిన పదార్థం రసాయనికంగా పూర్తిగా మారిపోతే దాని తీర్పు కూడా మారుతుందా అన్న చర్చ వాళ్ళలో పాతది. కువైట్‌లో 1995లో జరిగిన ఇస్లామిక్ వైద్యశాస్త్ర సంస్థ సదస్సు జెలటిన్ విషయంలో మారుతుందని చెప్పింది, ఒప్పుకోని పండితులూ ఉన్నారు. జైనులు హింసను చేయడం, చేయించడం, ఆమోదించడం అని మూడు రకాలుగా చూస్తారు. మాంసం కోసం చంపిన పశువు నుంచి మిగిలిన ఎముకను వాడడం ఆ మూడో దాంట్లోకి వస్తుందా రాదా అన్నది జైనుడు తన గురువునో తన మనస్సాక్షినో అడిగి తేల్చుకోవాలి. హిందువుకు మనిషి ఎముక మరో చిక్కు. చనిపోయినవారి అస్థికలను సాగర సంగమంలో కలిపితే తప్ప మనసు కుదుటపడని కుటుంబానికి, పరాయి మనిషి అస్థి నోట్లో ఉండడం పశువు ఎముక కన్నా కష్టంగా తోచవచ్చు. దధీచి తన ఎముకలు దేవతలకు ఇచ్చాడు కదా అని ఇంకొకరు దాన్నే పుణ్యంగా స్వీకరించవచ్చు. ఆ కథలో దేవతలు దధీచిని అడిగారు, ఆయన తెలిసి ఇచ్చాడు, వాళ్ళు తెలిసి తీసుకున్నారు.

ఇన్ని దారుల్లోనూ నిర్ణయం తెలిసినవాడి చేతిలోనే ఉంది. తెలియనివాడు పాటించలేడు, ఉల్లంఘించలేడు, మినహాయింపు కోరలేడు, గురువును అడగలేడు. ధర్మం అనే మాటకు అర్థం రావాలంటే ముందు ఎదురుగా ఉన్నదేమిటో తెలియాలి. ఆ సమాచారం ఆపేస్తే ఆ మనిషిని పాపం నుంచి తప్పించినట్టు కాదు, ధర్మం నుంచే తప్పించినట్టు.

డాక్టర్లు చెప్పే మొదటి అభ్యంతరం రసాయనానికి సంబంధించింది, బలమైనది కూడా. ఆ పొడిలో పశువు మిగలలేదంటారు. ఎముకను కొన్ని రకాల్లో సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరికొన్నిటిలో 1000 డిగ్రీలు దాటి వేడిచేసి, మాంసకృత్తులూ కొవ్వూ పోగొట్టి, ఖనిజాన్ని మాత్రమే మిగులుస్తారు. అది హైడ్రాక్సీఅపటైట్, మన ఎముకలో ఉన్న ఖనిజమే. నిజమే. నేను పెట్టించుకోవచ్చని అనడానికి కారణం కూడా ఇదే. కానీ ఈ వాదన డాక్టరు మౌనానికి పనికిరాదు. ఖనిజం ఒక్కటే కాబట్టి మూలంతో పనిలేదనడం ఒక తాత్విక నిర్ణయం. వస్తువుకు పుట్టుక లెక్కా, ప్రస్తుత రూపం లెక్కా అన్న ప్రశ్నకు ఆ డాక్టరు తనకు తోచిన జవాబు ఇచ్చుకుంటున్నాడు. రోగి జవాబు వేరే కావచ్చు. గుళ్ళో విభూతి కూడా రసాయనశాస్త్రానికి బూడిదే. భక్తుడికి అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ముఖ్యం. పైగా ఈ వాదన కొల్లాజెన్ పొరకు వర్తించదు, అది మాంసకృత్తే. ఇంకో సంగతి, పశువు ఎముక పలుకులు చాలా నెమ్మదిగా కరుగుతాయి. ఏళ్ళ తర్వాత దవడలోంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు కూడా అవి రోగి ఎముక మధ్య కనబడుతూనే ఉన్నాయి. మింగిన మాత్రలా ఒంట్లోంచి వెళ్ళిపోయేది కాదు ఇది.

రెండో అభ్యంతరం మన సంప్రదాయం నుంచే వస్తుంది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. చరక సంహిత చికిత్సాస్థానం ఎనిమిదో అధ్యాయం రాజయక్ష్మ, అంటే క్షయ గురించి. చిక్కి శల్యమైన రోగికి మాంసాహారం పెట్టాలంటాడు చరకుడు. అలవాటులేని మాంసాలు, కాకి వంటివి కూడా, ఇవ్వాల్సి వస్తే వేరే పేరు చెప్పి ఇవ్వమంటాడు. నిజం తెలిస్తే రోగి అసహ్యంతో తినడు, తిన్నా కక్కేస్తాడు, కాబట్టి మారుపేరుతో పెట్టాలన్నది ఆయన చెప్పే కారణం. అంటే ఆయుర్వేద మూలగ్రంథమే వైద్యుడికి దాచే అధికారం ఇచ్చింది కదా, ఆధునిక దంతవైద్యుడు కనీసం అబద్ధం కూడా చెప్పడం లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. చరకుడు ఆ మాట అన్నాడు. దాన్ని మెత్తబరచడానికి నాకు ఇష్టం లేదు. అయితే ఆయన ఎప్పుడు అన్నాడో చూడాలి. క్షయ ఆనాడు ప్రాణాంతకం. తిండి పడకపోతే రోజుల్లో మనిషి పోతాడు. బలహీనపడ్డ రోగికి ఆ అసహ్యమే శత్రువవుతుంది. చరకుడి దృష్టి వాంతి మీద ఉంది, విశ్వాసం మీద లేదు. కడుపు తిప్పడాన్ని దాటించడానికి చెప్పిన ఉపాయమది. పళ్ళు లేనివాడు ఆరు నెలల పాటు ఆలోచించుకోగలడు. పళ్ళసెట్టుతో పప్పన్నం తిని బతకగలడు. ఇంటికి వెళ్ళి భార్యనో, పురోహితుణ్ణో, మౌల్వీనో, పాస్టరునో అడిగి రాగలడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇచ్చిన మినహాయింపును తీరిక ఉన్న చికిత్సకు తెచ్చి అంటించడం చరకుణ్ణి తప్పుగా చదవడమే. ఇంకో సంగతి కూడా ఉంది. మన రోగి వేలో లక్షలో తన డబ్బు కట్టి వస్తువు కొంటున్నవాడు. కొనేవాడికి కొన్నది ఏమిటో చెప్పకపోవడాన్ని ఏ అంగట్లోనూ న్యాయమనరు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా మృదువుగా ఉంటుంది, అందుకే ఎక్కువమందిని ఒప్పిస్తుంది. తెలియక జరిగినదానికి పాపం లేదు, ధర్మశాస్త్రాల్లో కూడా తెలియక చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం తక్కువ, కాబట్టి చెప్పకపోవడమే దయ అన్నది ఆ వాదన. దీనికి బౌద్ధం నుంచి బలం చేకూరుతున్నట్టు కనిపిస్తుంది. గుడివాడ, ఘంటసాల స్తూపాల కాలంలో ఈ నేల మీద భిక్షువులు పాటించిన నియమం ప్రకారం, తన కోసం చంపినట్టు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చు. చూడకపోతే, వినకపోతే చాలన్నట్టే ఉంది కదా. కానీ ఆ నియమం మజ్ఝిమనికాయంలోని జీవక సుత్తంలో ఉంది, బుద్ధుడు దాన్ని చెప్పింది జీవకుడికి, ఒక వైద్యుడికి. అదే సుత్తం చివర, భిక్షువుకు తగని దాన్ని అతని చేత తినిపించినవాడు పాపం కట్టుకుంటాడని ఉంది. తెలియనివాడి మీద నుంచి దిగిన భారం గాలిలో కలిసిపోదు, తెలిసి పెట్టినవాడి మీద కూర్చుంటుంది. రోగిని పాపం నుంచి కాపాడుతున్నానని అనుకునే డాక్టరు ఆ మొత్తాన్ని తన నెత్తికెత్తుకుంటున్నాడు. పైగా భిక్షువు అనుమానం వస్తే నిరాకరించాలి. అనుమానం రాకుండా జాగ్రత్తపడే హక్కు పెట్టేవాడికి ఆ నియమం ఎక్కడా ఇవ్వలేదు.

అయితే ఈ వాదనలో ఒక సత్యం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. తెలుసుకోకూడదని కోరుకునే హక్కు కూడా మనిషికి ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ పదో అధ్యాయంలో, అంగట్లో అమ్మే మాంసాన్ని మనస్సాక్షి కోసమని ఆరా తీయకుండా తినమంటాడు. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టిన నాటి నుంచి బందరు క్రైస్తవులు చదువుతున్న వాక్యమది. అక్కడ అడగకుండా ఉండాలని నిర్ణయించుకున్నది తినేవాడు. మాంసం అమ్మేవాడు కాదు. 'అది ఏ ఎముకైనా నాకు చెప్పొద్దు డాక్టరుగారూ, మీకు మంచిదనిపించింది పెట్టండి' అనే రోగి ఉంటే ఆ మాటను గౌరవించవలసిందే. ఆ మాట అనాలంటే అడగదగిన సంగతి ఒకటి ఉందని ముందు తెలియాలి కదా.

నాస్తికులు, హేతువాదులు దీన్నంతా మూఢనమ్మకానికి లొంగిపోవడం అంటారేమో. ఈ డెల్టాలోనే వాళ్ళకు జవాబు ఉంది. బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి, 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టిన గోరా, 1972లో విజయవాడలో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి తినే స్నేహ సభ జరిపారు. కట్టుబాటు తెంచాలనుకున్న హిందువులు, ముస్లిములు అందరి ఎదుట కూర్చుని తిన్నారు. గోరా కావాలనుకుంటే ఎవరికీ చెప్పకుండా కూరలో కలిపి పెట్టి, తర్వాత 'చూశారా, మీకేమీ కాలేదు' అనవచ్చు. ఆయన అలా చేయలేదు, చేసి ఉంటే ఆ సభకు అర్థమే ఉండేది కాదు. తెలిసి తిన్నవాడే కట్టుబాటును తెంచగలడు. తెలియకుండా తిన్నవాడు మోసపోయినవాడు మాత్రమే. ఆచారాన్ని నిలబెట్టేవాడికీ, కూలగొట్టేవాడికీ కావలసింది ఒకటే. తన నోట్లోకి పోతున్నదేమిటో తెలియడం.

1857లో సిపాయిలను రెచ్చగొట్టిన పుకారు కూడా ఇదే. పళ్ళతో కొరికి విప్పవలసిన తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని. కొవ్వు నిజంగా ఎంత ఉందో చరిత్రకారులు నేటికీ వాదిస్తారు. చెప్పకుండా తమ నోట్లో పెట్టిస్తున్నారన్న అనుమానమే అక్కడ నిప్పు రాజేసింది. నేడు ఈ విషయం ఎత్తితే గోవు రాజకీయాలకు ఆజ్యం పోసినట్టవుతుందని భయపడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. గదిలో రోగికి మెల్లగా చెప్పిన నిజం వల్ల గొడవలు రావు. పదేళ్ళు దాచి, ఒకనాడు ఎవరి ఫోనులోనో వీడియోగా బయటపడిన నిజం వల్ల వస్తాయి. అప్పుడు దెబ్బతినేది ఒక ఆసుపత్రి మాత్రమే కాదు, ఎముక పొడి అవసరమైన ప్రతి రోగి.

ఇక 'వేరే దారి లేదు' అన్న మాట. ఖురాన్ అవసరానికి మినహాయింపు ఇస్తుంది, మన శాస్త్రాల్లో ఆపద్ధర్మం ఉంది. గుండెపోటు వచ్చినప్పుడు ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచే తీస్తారు. అక్కడ చర్చకు సమయం లేదు, ప్రాణమే ముఖ్యం. పళ్ళ విషయంలో ఆ మాట చెల్లదు, దారులు ఉన్నాయి కాబట్టి. రసాయనశాలలో చేసిన పొడి ఉంది. సొంత తుంటి ఎముక ఉంది, కాకపోతే రెండో గాయం, నొప్పి, కొన్నాళ్ళ కుంటినడక ఉంటాయి, ఆ ఎముక త్వరగా కరగవచ్చు కూడా. సైనస్ పొరను లేపి ఏ పొడీ నింపకుండా, ఇంప్లాంట్ చుట్టూ చేరిన రక్తంతోనే ఎముక పెరగవచ్చని 2004లో స్వీడన్ పరిశోధకులు చూపించారు, అందరి దవడకూ అది కుదరదు. మరీ ఎముక లేనివాళ్ళకు చెంప ఎముకలోకి దిగే జైగోమాటిక్ ఇంప్లాంట్లు ఉన్నాయి. 1965లో మొదటి రోగికి టైటానియం ఇంప్లాంట్లు పెట్టిన స్వీడన్ వైద్యుడు బ్రనెమార్కే 1980ల చివర వీటినీ రూపొందించాడు. 30 నుంచి 50 మిల్లీమీటర్ల పైదాకా పొడవుంటాయి. ఎముక పొడి అక్కర్లేకుండా, చాలాసార్లు కొద్ది రోజుల్లోనే పళ్ళు బిగించవచ్చు. కానీ కంటి గూటికి దగ్గరగా వెళ్ళే పని, చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి, తర్వాత సైనస్ ఇబ్బందులు రావచ్చు, ఖర్చూ ఎక్కువ. అందుకే చాలామందికి అన్నీ తెలిశాక కూడా పశువు ఎముకే తేలికనిపించవచ్చు. అనిపిస్తే మంచిదే. బేరీజు వేసే అవకాశం ఇవ్వకుండా 'వేరే దారి లేదు' అనడం మాత్రం నిజం కాదు.

ఇన్నాళ్ళూ జెలటిన్ గొట్టాల మాత్రలు మింగాం, పశువుల పేగులతో చేసిన క్యాట్‌గట్ దారంతో కుట్లు వేయించుకున్నాం, అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకని అడుగుతారు. అప్పుడు చెప్పకపోవడం కూడా తప్పే. పాత తప్పు కొత్త తప్పుకు అనుమతి పత్రం కాదు. మన దేశంలో పది రూపాయల బిస్కట్ పొట్లం మీద కూడా శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క ఉండాలని చట్టం చెబుతుంది. ఒక పూటలో అరిగిపోయే బిస్కట్టుకు ఉన్న మర్యాద, ఏళ్ళ తరబడి దవడలో ఉండే ఎముకకు ఎందుకు లేదు? సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి తెలిసేలా చెప్పి సమ్మతి తీసుకోవాలని తీర్పిచ్చింది. అందులో ఎముక మూలం ప్రస్తావన లేదు. కానీ ప్రత్యామ్నాయాలు చెప్పాలన్నప్పుడు, ఒకటి పశువుదనీ ఒకటి పందిదనీ ఒకటి రసాయనమనీ చెప్పకుండా వాటి మధ్య తేడా ఎలా చెబుతారు? బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. చికిత్సలోని ప్రమాదాల గురించి చెప్పేటప్పుడు, ఎదురుగా ఉన్న ఆ రోగికి ఏది ముఖ్యమవుతుందో కూడా ఆలోచించి చెప్పాలంది. మన దగ్గర నుదుట తిరునామం, మెడలో సిలువ, తల మీద టోపీ పెట్టుకుని వచ్చిన రోగికి ఏది ముఖ్యమో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ గుర్తూ లేని రోగికి కూడా చెప్పాలి, నమ్మకం నుదుట కనిపించకపోవచ్చు.

చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 'అమ్మా, మీ పై దవడలో ఎముక చాలదు. నింపడానికి పొడి వాడాలి. ఇది పశువు ఎముక నుంచి చేసింది, మీద వేసే పొర పంది నుంచి వచ్చింది. ఇష్టం లేకపోతే రసాయనంతో చేసింది ఉంది, మీ సొంత ఎముక తీయవచ్చు, పళ్ళసెట్టుతోనే సర్దుకోవచ్చు. ఇంట్లో మాట్లాడుకుని రండి.' ఇంత చెబితే రోగులు బెదిరి పారిపోతారన్న భయం నాకు అర్థమవుతుంది, కొందరు నిజంగానే వెళ్ళిపోతారు. వెళ్ళిపోయేవాళ్ళే అసలు చెప్పి తీరవలసినవాళ్ళు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ, చల్లపల్లి, విజయవాడ దంతవైద్యులకు నా విన్నపం ఇది. మీ సమ్మతి పత్రంలో తెలుగులో ఒక వరుస చేర్చండి. ఎముక పొడి మూలం: పశువు, పంది, మనిషి, సొంత ఎముక, రసాయనం. పొర మూలం: పశువు, పంది, రసాయనం. వర్తించినదాని పక్కన గీత పెట్టి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి. ఇది చదువుతున్నవారికి కూడా ఒక మాట. ఇంప్లాంటుకు ముందు ఎముక నింపాలని డాక్టరుగారు అంటే, అది ఎక్కడిదని అడగండి. ఫైలులో అంటించే ఆ స్టిక్కరు ఒకటి మీకూ ఇమ్మనండి.